బండ కింది మోచెయ్యి

నా రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళు ఉందనగా, బడులు తెరిచే జూన్ నెలలో, భద్రాచలం వెళ్ళే దారిలో అడవి అంచున ఉన్న ఒక బాలికల గురుకులానికి నన్ను ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ చేశారు. ఉత్తర్వుతో పాటు ఇంకో కాగితం కూడా వచ్చింది. ఆ ఏడాది నుంచి అక్కడ గ్రాప్లింగ్ నేర్పాలని, అందుకు నేను ముందుగా పది రోజుల శిక్షణ శిబిరానికి హాజరు కావాలని దాని సారాంశం. నేను కుసుమంచి పక్క పల్లెలో మట్టి గోదాలో పెరిగిన కుస్తీవాణ్ణి. ఈ వయసులో కొత్త ఆటేమిటని విసుక్కుంటూనే వెళ్ళాను. సగం విన్నాను, మిగతా సగం నాకు తెలిసిందేలే అనుకుని తిరిగొచ్చాను.

గ్రాప్లింగ్ అంటే బ్రెజిల్ జుజుత్సు పద్ధతిలో నడిచే పట్ల ఆట. దెబ్బలుండవు. పడగొట్టడం, కింద అదిమిపెట్టడం, మెడకో చేతికో పట్టు బిగించి ఎదుటివారి చేత ఓటమి ఒప్పించడం, ఇంతే. ఓడిపోయానని చెప్పడానికి అరచేత్తో రెండు మూడుసార్లు తట్టాలి. దాన్ని ట్యాప్ అంటారు. కుస్తీలో వీపు నేలకు తగిలితే ఆట ముగిసినట్టే. ఇందులో వెల్లకిలా పడుకున్నవాళ్ళు కూడా గెలవవచ్చు. ఈ ఒక్క ముక్క నా బుర్రకు ఎక్కింది కానీ ఒంటికి ఎక్కలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆడపిల్లల బడి కనుక నేను మ్యాట్ మీదికి దిగేవాణ్ణి కాదు. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి, ఇలా పట్టు, అలా తిప్పు అని గట్టు మీద నుంచి చెప్పేవాణ్ణి. శిబిరంలో కూడా నా బరువు చూసి నన్ను ఎప్పుడూ పైనే ఉంచారు. అంటే నేను పాఠం చెబుతున్న ఆటలో కింద పడుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదన్నమాట.

తొమ్మిదో తరగతి స్రవంతిది ఇల్లందు. సన్నటి పిల్ల, నిలబడి ఆడినంతసేపు పాదరసంలా జారిపోయేది. కింద పడిందంటే మాత్రం పని అయిపోయినట్టే. ముఖ్యంగా సైడ్ కంట్రోల్‌లో. పై మనిషి మన ఛాతీ మీద అడ్డంగా పడుకుని, ఒక చెయ్యి మెడ కిందుగా పోనిచ్చి, తన బరువంతా మన రొమ్ము మీద మోపే పట్టు అది. స్రవంతి దాని కింద చిక్కగానే నేను నా కుస్తీ బుద్ధితో “బోర్లా తిరుగు!” అని కేకేసేవాణ్ణి. పాపం తిరిగేది. తిరగగానే పై పిల్ల వీపెక్కి మెడకు చెయ్యి చుట్టేది. కుస్తీలో ప్రాణం కాపాడే కదలిక ఈ ఆటలో ప్రాణం తీస్తుందని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. తర్వాత మాట మార్చి, “నెట్టు, ఎత్తి పడెయ్” అన్నాను. రెండు చేతులూ చాచి నెట్టి నెట్టి అలిసిపోయి, చివరికి ఏ పట్టూ పడకుండానే తట్టేసేది.

ఆగస్టులో ఒక సాయంత్రం అలాగే తట్టి లేచి, చాలాసేపు వణుకుతూ కూర్చుంది. ఊపిరాడలేదు సార్ అంటుంది తప్ప ఇంకో మాట లేదు. బడి నర్సు ఇంటికి ఫోన్ చేసింది. తల్లిదండ్రులు పిల్లల్ని చూడడానికి వచ్చే ఆదివారం నాడు, స్రవంతి తండ్రి రాజమల్లు టిఫిన్ డబ్బా పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. జిల్లా ఎంపికల జాబితాలో నుంచి బిడ్డ పేరు కొట్టేయమన్నాడు. స్రవంతి తండ్రి వెనక నిలబడి, వద్దన్నట్టు నా వైపు తల ఊపుతోంది. ఆ పిల్లకు ఆ బడిలో ఇష్టమైనదంటూ ఏదైనా ఉంటే ఆ మ్యాట్ ఒక్కటే.

నేను పేరు కొట్టేయలేదు, అలాగని వాదించనూ లేదు. ఒకసారి చూసి చెప్పండి అన్నాను. స్రవంతి, ఇంకో పిల్ల మ్యాట్ మీద ఆ పట్టు వేసి చూపించారు. రాజమల్లు గొంతుక్కూర్చుని చూశాడు. స్రవంతి చేతులు చాచి నెట్టడం మొదలుపెట్టగానే, “ఎత్తమని ఎవరు చెప్పిండ్రు?” అని అడిగాడు. నేనే చెప్పానన్నాను. ఆయన “మీరొకసారి కింద పండుండ్రి సార్” అన్నాడు.

అక్కడున్న పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ చూస్తుండగా పడుకున్నాను. ఆయన నాకంటే బాగా తేలిక. చొక్కా విప్పి మడతపెట్టి పక్కన పెట్టి, పిల్లలు చూపించినట్టే నా ఛాతీ మీద అడ్డంగా వాలాడు. మొదట ఏమీ అనిపించలేదు. నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఆయన వెంట్రుకవాసి కిందికి దిగుతున్నాడు. తిరిగి పీల్చుకోబోతే చోటు లేదు. నెట్టాను, కదల్లేదు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు పట్లు నేర్పిన నేను నిమిషం తిరక్కుండానే ఆయన వీపు మీద టపటపా తట్టాను. పిల్లలు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఆయన వెల్లకిలా పడుకుని, నన్ను పైకి రమ్మన్నాడు. మొహమాటపడుతూనే వాలాను. ఆయన నన్ను నెట్టనే లేదు. ఒక ముంజేయి నా మెడ పక్కన, ఇంకో మోచెయ్యి నా తుంటి దగ్గర అడ్డం పెట్టి ఊరుకున్నాడు. ఎంత నొక్కినా ఆ చేతులు వంగవు. కండ బలం కాదది, ఎముకను నిలువుగా నిలిపిన తీరు. ఒక్కసారి నడుము ఎగరేశాడు. నేను ఊగి సర్దుకునేలోగా తన తుంటిని జానెడు అవతలికి లాక్కున్నాడు. మళ్ళీ ఒకసారి. ఉన్నట్టుండి ఆయన మోకాలు మా ఇద్దరి మధ్యకు వచ్చేసింది, నేను ఆయన కాళ్ళ మధ్య చిక్కి ఉన్నాను. పది రోజుల శిబిరంలో నాకు చెప్పిన చేతులు అడ్డం పెట్టే ఫ్రేమ్, నడుము ఎగరేసే బ్రిడ్జ్, రొయ్యలా వెనక్కి జరిగే ష్రింప్, చివరికి ఎదుటివారిని కాళ్ళ మధ్య ఇరికించే గార్డ్, అన్నీ వరసగా అవే. ఆ పేర్లలో ఒక్కటి కూడా విననివాడు నా కళ్ళముందు చేసి చూపించాడు.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే అప్పుడు చెప్పాడు. ఆయన భూగర్భ గనిలో టింబర్‌మన్. పైకప్పు కుంగకుండా ప్రాపులు, అంటే కర్ర దుంగలు, నిలబెట్టే పని. ఆ గని ఎప్పుడో మూతపడింది. ఒకనాడు పొద్దుటి షిఫ్టులో బండ విరిగి మీద పడింది. విరిగిన దుంగ ఒకటి దాన్ని కొంత ఆపింది కానీ, ఆయన ఎడమ తుంటి బండ కింద ఇరుక్కుంది.

“ఊపిరి ఇడిసినప్పుడల్ల బండ ఇంకింత దిగుతుంది సార్. అందుకే రొమ్ముకు, బండకు నడుమ మోచెయ్యి పెట్టిన. ప్రాప్ నిలబెట్టినట్టు. బండను ఎత్తుడు నాతోని ఏడైతది? అది జరగదు. నేనే జరిగిన,” అని బొటనవేలి గోరు చూపించాడు. “ఒక్కోసారి గింత. రెండో షిఫ్టోళ్ళు వచ్చేసరికి సగం బయటికొచ్చిన.”

స్రవంతి ఈ కథ అప్పటిదాకా వినలేదట. ఇంట్లో ‘దేవుడు బయట పడేసిండు’ అనే మాట తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదట. “నాన్నా, భయం కాలేదా?” అని అడిగింది.

“ఎందుకు కాదు బిడ్డా? భయపడుకుంటనే మోచెయ్యి పెట్టిన,” అన్నాడు.

వెళ్ళేముందు నాతో ఒప్పందం చేసుకున్నాడు. పట్టు బిగిసి తడితే తప్పులేదు, అది ఆట. ఉత్త భయానికి తడితే మాత్రం, ఆట మాన్పించి ఇంటికి తీసుకుపోతానన్నాడు. నేను సరేనన్నాను.

ఆ తర్వాత ఆరు వారాలు స్రవంతి సాధనంతా కింద పడుకునే సాగింది. మీద ఒకరు వాలాలి, ఆమె చేతులు అడ్డం పెట్టి ఉండాలి, ఊపిరి లెక్కపెట్టాలి. తప్పించుకోవడం తర్వాత సంగతి. చూసేవాళ్ళకు అది సాధనలాగే ఉండదు. మా ప్రిన్సిపల్ మేడం ఒకసారి కిటికీలోంచి చూసి, పిల్లలు నిద్రపోతున్నారా అని అడిగారు.

ఖమ్మంలో జరిగిన ఎంపికల్లో స్రవంతి రెండో ఆటలోకి వెళ్ళింది. ఐదు నిమిషాల ఆట. ఎదుటి పిల్ల గట్టిది. మొదటి నిమిషంలోనే కాళ్ళు దాటుకుని సైడ్ కంట్రోల్‌కు వచ్చింది. దానికి మూడు పాయింట్లు. కోచ్ తన కుర్చీలోంచి లేవకూడదు, మాట మాత్రం చెప్పవచ్చు. ‘బోర్లా’ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను. గ్యాలరీలో రాజమల్లు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

స్రవంతి కదల్లేదు. చేతులు మాత్రం ఉండవలసిన చోట ఉన్నాయి. ముఖం ఎర్రబడింది, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒకసారి అరచెయ్యి పైకి లేచింది. తట్టేస్తుందనుకున్నాను, రాజమల్లుతో చేసుకున్న ఒప్పందం గుర్తొచ్చింది. ఆ చెయ్యి నెమ్మదిగా తిరిగి ఎదుటి పిల్ల తుంటి దగ్గరికి వచ్చి నిలిచింది. స్రవంతి పొట్ట ఎగిరిపడటం తగ్గి, సమంగా లేచి దిగడం నేను కూర్చున్న చోటికి కనిపిస్తోంది. రెండు నిమిషాలు పైగా గడిచాక నడుము ఎగరేసింది. జానెడు జరిగింది. పై పిల్ల మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎగరేసింది, ఇంకో జానెడు. మోకాలు లోపలికి వచ్చింది. హాల్లో ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు, చప్పట్లు కూడా లేవు. చివరి అర నిమిషంలో ఎదుటి పిల్లను తిప్పి పైకి వచ్చి రెండు పాయింట్లు తెచ్చుకుంది. అంతలో సమయం అయిపోయింది. ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

ఓడినందుకు ఏడుస్తుందేమోనని తువ్వాలు పట్టుకుని ఎదురెళ్ళాను. ఆయాసపడుతూ, “సార్, ఊపిరాడింది,” అంది. రాజమల్లు కాలు ఈడుస్తూ మెట్లు దిగి వచ్చాడు. బిడ్డ తల మీద చెయ్యి వేసి నాతో, “వచ్చే ఏటికి గూడ పేరు రాయుండ్రి సార్,” అన్నాడు.

సోమవారం నా పాత డైరీలు తీశాను. అంతకుముందు పనిచేసిన బడుల్లో కుస్తీ, జూడో నేర్పిన పిల్లల వివరాలు అందులో ఉన్నాయి. చాలామంది పేర్ల పక్కన నా చేతిరాతతోనే ‘కింద పడితే ధైర్యం చాలదు’ అని ఉంది. వాళ్ళలో ఒక్కరికి కూడా కింద పడినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో నేను చెప్పలేదు. నాకే తెలియదు. మిగిలిన సర్వీసులో ప్రతి కొత్త పిల్లకూ మొదటి వారం అదే నేర్పాను. నేర్పేముందు, నా కింద పనిచేసే డ్రిల్లు మాస్టారిని నా మీద పడుకోమని, నేనే కింద ఉండి చూపించాను. డైరీల్లోని పిల్లలు మాత్రం అప్పటికే ఆట మానేసి వెళ్ళిపోయారు. లోపం వాళ్ళ ధైర్యంలో లేదని వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర చిరునామాలు లేవు.