ఒక్క మూటలో పసుపు, ఎండు చేపలు

మొన్న పొద్దున దేవుడి దగ్గర దీపం పెడుతుంటే పక్క వాటా బాబాయి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. "మీ పిన్ని నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. దీపం వెలిగించి, ఆమెను తలుచుకుని దండం పెట్టుకుని, ఆయన వెనకే వెళ్ళాను.

ఆర్మూరులో మా గల్లీకి చిన్నమ్మలు చాలామంది. పిన్ని మాత్రం ఆమె ఒక్కతే. సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్నం ఆమెది. బాబాయి పసుపు మెరుగుపెట్టే డ్రమ్ములు రిపేరు చేస్తారు. ఆ పని మీద ఇక్కడికొచ్చి మా పక్క వాటాలో అద్దెకు దిగారు. "పిన్నీ అనండర్రా, నాకదే అలవాటు" అంది వచ్చిన రోజే. మేం ఖాలా అని పిలిచే ఎదురింటి సాయిబులావిడ పిల్లలు కూడా అలాగే పిలిచారు.

"నీకు సముద్రం యాదికొస్తలేదా పిన్నీ?" అని ఒకసారి అడిగాను.

"మా ఊళ్ళోనూ ఇంతేనే. ఒక్క వీధిలో ఒరియావాళ్ళు, తమిళులు, సాయిబులు, మేము. మీకు నీళ్ళొక్కటే తక్కువ" అని నవ్వింది.

పొద్దున్నే వాకిట్లో నిలబడి గాలి చూసేది. పసుపు ఎండబోసేవాళ్ళు వానొస్తుందేమోనని ఆమెను అడిగి పోసేవారు. ఆమె చెప్పింది సగంసార్లు తప్పేది. "ఇక్కడి గాలికి మాట నిలకడ లేదు" అని గాలినే తిట్టేది. అయినా మళ్ళీ అడిగేవారు.

వాళ్ళొచ్చిన ఏడే మా చెల్లె పెండ్లి కుదిరింది. పసుపు దంచే రోజు కోసం అమ్మ మా చేని పసుపుకొమ్ములు ఏరి, గుట్ట మీద దేవుడి పాదాల దగ్గర పెట్టి తెచ్చి, మిద్దె మీద ఎండకు పోసింది. పక్కనే పిన్ని, పుట్టింటి నుంచి తెచ్చిన ఎండు చేపలు ఆరబెట్టుకుంది. మేం బట్టలు కొనడానికి వెళ్ళిన పూట వాన దంచికొట్టింది. పిన్ని పరుగెత్తి అన్నీ కలిపి ఒక్క చీరలో మూటకట్టి ఇంట్లో పడేసింది.

సాయంత్రం అమ్మ ఆ మూట విప్పింది. పెండ్లి పసుపంతా నీచు కంపు. చేపల వాసనకే అంతకుముందు రెండు ఇళ్ళు ఖాళీ చేయించారట వాళ్ళని. పిన్ని గోడకు ఆనుకుని, "పొద్దున్నే సామాను సర్దేసుకుంటామండీ" అంది.

అప్పుడే వచ్చిన ఖాలా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అయ్యో మా! గీ పసుపు పూస్తే దుల్హన్ ఎంట పిల్లులు పడ్తయ్, జర పైలం!" అంది.

అమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని పిన్నితో అంది: "యాడికి పోతవ్? నువ్వు తేకపోతే వానకు కొట్టుకపోతుండె. దేవునికి లేని పట్టింపు నాకెందుకు? రేపు ఎండ కొడ్తది, మళ్ల ఎండబొయ్యి. ఈపారి ఏర్వేరుగ బొయ్యి, తల్లీ!"

ఎండినా వాసన కొంచెం మిగిలింది. దంచే రోజు అమ్మ రోకలి ముందు పిన్ని చేతికే ఇచ్చింది. ఆమె కళ్ళనీళ్ళు కారుతుండగానే మొదటి పోటు వేసింది. చెల్లె ఇప్పుడు బాల్కొండలో మనవలను ఎత్తుకుంటోంది. ఏ పిల్లీ వెంటపడలేదు. పిన్ని ఇక ఆ వాటా వదల్లేదు.

మొన్న ఆమె కూతురు ఏడుస్తూ వచ్చి, "అమ్మని మన ఊరు తీసుకెళ్దామా నాన్నా?" అని అడిగింది.

"ఊళ్ళోనే ఉంది కదమ్మా" అన్నారు బాబాయి.

ఖాలా కొడుకులు, మా తమ్ముడు పాడె ఎత్తారు. నేను గల్లీ చివరిదాకా నడిచి ఆగిపోయాను. మార్కెట్ ముందు పసుపు బస్తాలు దించుతున్న హమాలీలు పని ఆపి, చేతులైనా కడుక్కోకుండా వచ్చి భుజం మార్చుకున్నారు. పాడె మలుపు తిరిగేటప్పుడు చూశాను. తెల్లబట్ట అంచు పొడుగునా పచ్చటి వేలిముద్రలు.