కప్పతల్లికి కప్ప దొరకలేదు

ఈ ఏడు ఆషాఢంలో వానలు మొహం చాటేశాయి. మొన్న మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, నల్గొండ పల్లెల నుంచి ఎల్‌బీ నగర్‌కు వచ్చి స్థిరపడ్డ మరో నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని మా గుమ్మంలోకి వచ్చి, "మేడం, కప్పతల్లి ఆడుదామంటే ఒక్క కప్ప దొరుకుతలేదు, మీకైతే ఎరుకుంటది గద," అంది. మన తరానికి గుర్తుండే ఉంటుంది, రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పితే, అందరూ దాని మీద నీళ్లు పోస్తే వాన పడుతుందని నమ్మకం. కప్పల మీద పరిశోధన చేసిన దాన్ని, నాకు కాక ఇంకెవరికి తెలియాలి!

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కాలేజీలో నేను జువాలజీ చెప్పే రోజుల్లో, ఎల్‌బీ నగర్ అవతల మా మామగారి పొలంలో ఒక కుంట ఉండేది. తొలకరి సాయంత్రం దాని గట్టున నిలబడితే ఆ బెకబెకల్లో మా వారి స్కూటర్ చప్పుడు కూడా వినిపించేది కాదు. కొత్త పెళ్లాంతో సినిమాకు పోవాల్సిన వాణ్ణి కప్పల కచేరీకి వచ్చానని ఆయన వేళాకోళం చేస్తుంటే, నేను ఏ మూల నుంచి ఎన్ని గొంతులో చెవులతోనే లెక్కపెట్టి నోట్‌బుక్కులో గీతలు గీసేదాన్ని. ఏటేటా గీతలు తగ్గాయి. కాలనీల మురుగు కుంటలోకి మళ్లింది, కప్పలు గుడ్లు పెట్టే లోతు తక్కువ అంచులను మట్టిపోసి పూడ్చారు, తోకకప్పలు కనిపించడం మానేశాయి. ఇవన్నీ శ్రద్ధగా రాశాను. రాయనిది ఒక్కటే. ప్రతి జూలైలో డిసెక్షన్ కోసం మా ల్యాబ్‌కు గోనెసంచుల్లో కప్పలు వెళ్లింది ఆ కుంట నుంచే, పట్టించింది నేనే. పిల్లలకు చదువు రావాలి కదా అనుకున్నానే తప్ప, నేను లెక్కపెట్టేదీ కోయించేదీ ఆ కప్పలనేనని, సిగ్గుచేటు, తట్టనేలేదు.

కుంటను పూడ్చి ప్లాట్లకు ఇచ్చేస్తానని మామగారు అన్నప్పుడు, కప్పల కోసమైనా ఉంచమని బతిమాలాను. ఆయన కోప్పడలేదు. "సంచులు నింపుకపోయింది నువ్వే గద బిడ్డా," అన్నారు. ఆ ఏడే కుంట ప్లాట్లయిపోయింది.

మోకాళ్ల నొప్పులతోనే ఆ ఆడవాళ్లతో కలిసి సెల్లార్‌లో పంపు పక్కన, నాలా అంచున, ఆటోలో వెళ్లి నాదర్‌గుల్ దాకా వెతికాను. దొరకలేదు. చివరికి వాచ్‌మన్ భార్య పూలకుండీలోని మట్టితో కప్పను చేసి, వేపమండల మధ్య రోకలికి కట్టింది. అది మా గుమ్మానికి రాగానే అందరికంటే ముందు నేనే బిందెడు నీళ్లు గుమ్మరించాను. బుద్ధి ఉండొద్దూ! మట్టి కాస్తా కరిగిపోయి రోకలికి వేపాకులే మిగిలాయి. చిన్నప్పుడు రోకలి మీద కప్ప గింజుకుంటుంటే అయ్యో పాపం అనుకునేవాళ్లం. ఇప్పుడు పాపం అనడానికైనా ఒకటి లేదు.