సిద్ధమ్మ కుండ కడిగిన ఆదివారం

మర్యాద చేస్తున్నామనుకుంటూ కొంప ముంచేవాళ్ళు కొందరుంటారు. నవ్వుతూ ఎదురుగా నిలబడతారు కాబట్టి వాళ్ళను తిట్టడానికి చాలామందికి నోరు రాదు. సిద్ధమ్మకు ఆ ఇబ్బంది లేదు.

తిరుపతి బస్టాండు వెనక రోడ్డు వారన ఇరవై ఆరేళ్ళుగా ఆమె అంబలి బండి ఉంది. పొద్దున్నే ఆటోవాళ్ళు, డ్యూటీ దిగిన కండక్టర్లు, లాడ్జీలు ఊడ్చే ఆడవాళ్ళు చెంబెడు తాగి పనిలోకి పోతారు. ఆ రుచి గుట్టంతా అత్త ఇచ్చిన మట్టికుండలో ఉంది. రాగిపిండి అందులో నీళ్ళతో కలిపి రాత్రంతా పులియనిస్తుంది. తెల్లవారి వేరే గిన్నెలోకి తీసి ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి, ఎర్రగడ్డలు తరిగి వేస్తుంది. కుండ అడుగున మాత్రం గరిటెడు పులుపు ఎప్పుడూ మిగలాలి. మర్నాటి పిండిని పులియబెట్టేది అదే. అందుకే ఆ కుండను తోమే పని లేదు. "ఇంట్లో పొయ్యి ఆరినా ఈ కుండ మాత్రం ఆరగూడదు" అని చెప్పి మరీ పోయింది అత్త.

చక్రధర్‌ది బెంగుళూరు కంపెనీలో ఇంటినుంచి చేసే ఉద్యోగం, చంద్రగిరి దగ్గర మామిడితోటలో ఇల్లు. శని, ఆదివారాలు స్నేహితులను పోగేసి ఎవరూ వినని బీర్లు, ఇళ్ళలో చేసిన నేరేడు వైను, అల్లం బీరు, ఊరబెట్టిన గూడూరు నిమ్మరసం రుచి చూడటం అతని సరదా. ఒకరోజు సిద్ధమ్మ అంబలి తాగి కళ్ళు మూసుకున్నాడు.

"పెద్దమ్మా, ఆదివారం మా తోటకు రావాల. ఆ కుండ కూడా తీసుకురాండి. మావాళ్ళందరూ చూడాల" అన్నాడు.

అత్త కుండను చూడాలన్నవాడు ఇన్నేళ్ళలో వాడొక్కడే. ఆమె పెట్టెలోని చీర తీసి కట్టుకుని, కుండను ఒళ్ళో పెట్టుకుని అతని కారులో వెళ్ళింది. అక్కడ పదిమంది ఆమె తెచ్చిన అంబలి గుక్కెడు తాగి గంట మాట్లాడారు. ఒకడికి కాఫీ వాసన వచ్చింది, ఇంకొకడికి తడిమట్టి వాసన వచ్చింది. అంబలిలో అంబలి వాసన ఒక్కడికీ రాలేదు.

ఫ్రిజ్‌లో ఒక గాజుసీసా ఉంది. బీరు పులియడానికి చక్రధర్ విదేశం నుంచి తెప్పించుకున్న ఈస్టు అందులో ఉంది. స్నేహితుడెవరో దాని మూతమీద చెయ్యి వేయగానే చక్రధర్ మండిపడ్డాడు. "ముట్టుకోవద్దు. దాంట్లో ఉండేది ప్రాణం. సబ్బు తగిలితే చచ్చిపోతుంది" అన్నాడు. ఈ పిల్లవాడికి విషయం తెలుసని సిద్ధమ్మకు అతనిమీద గురి కుదిరింది.

భోజనాలయ్యాయి. చూస్తే కుండ పెట్టినచోట లేదు. తడిచేతులతో చక్రధరే పట్టుకొచ్చాడు. కుండ తళతళలాడుతోంది.

"లోపలంతా అట్టలు కట్టిండాది పెద్దమ్మా. పనిమనిషికి ఇవ్వకుండా నేనే తోమినాను."

సిద్ధమ్మ కుండలో ముక్కు పెట్టింది. నిమ్మకాయ సబ్బు వాసన గుప్పుమంది.

"నీ సీసాలో ఉండేది ప్రాణమంటివే. నా కుండలో ఉండేది ఏమనుకున్నావబ్బా?"

అతని మొహం పాలిపోయింది. "తట్టలేదు పెద్దమ్మా."

"యాడ తడతాది. నీది ఫ్రిజ్జిలో ఉండాది, నాది మసికుండలో ఉండాది. సూసేకి మురికే కదా."

తెలియనివాడు చేస్తే సరిపెట్టుకోవచ్చు. ఇతనికి తెలుసు. తెలిసీ, తన సీసాకు ఒక న్యాయం, ఆమె కుండకు ఒక న్యాయం. ఒళ్ళు మండేది అందుకే.

మట్టికుండ సబ్బు పీల్చుకుంటే ఇక పనికిరాదు. ఆ సాయంత్రం కొత్త కుండలో పిండి కలిపింది. సోమవారం పొద్దున అంబలి చప్పగా ఉంది. ఆటో గోవిందు సగం తాగి చెంబు దించేశాడు.

"ఒంట్లో బాగలేదా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

తిట్టి ఉంటే ఆమెకు అంత బాధ కలిగేది కాదు. అంతలో చక్రధర్ గాజుసీసా పట్టుకుని వచ్చాడు. "ఇది కలపండి పెద్దమ్మా, తొందరగా పులుస్తుంది."

"ఎత్తుకోని పో. మా అత్త పులుపు నీ సీసాలో లేదు."

అది ఉన్నచోటు ఊరంతటికీ ఒక్కటే. రోడ్డుకు అవతల మునెమ్మ బండి. తొమ్మిదేళ్ళ కిందట మొగుడు మంచాన పడ్డాడని ఏడిస్తే సిద్ధమ్మే గరిటెడు పులుపు పెట్టింది. నెల తిరక్కుండా మునెమ్మ ఎదురుగానే బండి పెట్టింది. ఆనాటినుంచి మాటల్లేవు. "అది అంబలి గాదు, కుండ కడిగిన నీళ్ళు" అని వచ్చిన ప్రతివాడికీ సిద్ధమ్మ చెప్పేది. తను మాత్రం ఒక్కనాడూ తాగి చూడలేదు.

సిద్ధమ్మ చెంబు తీసుకుని రోడ్డు దాటింది. అక్కడ తాగుతున్నవాళ్ళు తాగడం ఆపారు.

"గరిటెడు పులుపు పెట్టు మునెమ్మా."

మునెమ్మ తలెత్తలేదు. "కుండ కడిగిన నీళ్ళకోసమా అక్కా వచ్చినావు?"

సిద్ధమ్మ చెంబు ముందుకు చాపింది. కోపమంతా ఎవరిమీద చూపించాలో తెలియక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మునెమ్మ బండి కింది కుండలోంచి పులుపు తీసి ఆమె చెంబులో పోసింది. ఇంకో చెంబు నిండా అంబలి పోసి అందించింది.

సిద్ధమ్మ ఒక గుక్క తాగింది. అత్త పులుపు నాలుకకు తగిలింది. తొమ్మిదేళ్ళుగా రోడ్డుకు ఇటువైపు కూడా అది బతికే ఉంది.

"ఉప్పెక్కువేసినావు" అంది.

కడదాకా తాగి, చెంబు మళ్ళీ చాపింది.