చర్చాపోటీలో అమ్ముడుపోబోయిన చేను

మన ఆళ్లగడ్డ హైస్కూల్లో వక్తృత్వ సంఘం నా నెత్తిన పడి రెండేళ్లయింది. ఈ సాయంత్రం జరిగినటువంటిది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అంశం, సేద్యం మేలా, ఉద్యోగం మేలా. ఎవరిది ఏ పక్షమో ఎప్పటిలాగే చీటీలు తీసి తేల్చాం. ఓబులేసుకు ఉద్యోగం పక్షం వచ్చింది. "కర్నూలికి రాజధానే వచ్చె, ఇంకా మడక పట్టుకుని ఏం చేస్తారు? చేలమ్మి ఆఫీసుల్లో చేరండి!" అని బల్ల గుద్దాడు. చప్పట్లే చప్పట్లు.

వెనక బెంచీలో కూర్చున్న వాళ్ల నాయన దిగ్గున లేచాడు. "ఏందిరా, చేను అమ్మల్లనా? నేను బతికుండంగానే?"

నేను పరుగెత్తాను. "అది వాడి మాట కాదప్పా, చీటీలో అట్లా వచ్చింది."

"మా చేను సంగతి చీటీతో తేలుస్తారా సారూ? అట్లయితే ఇంగోసారి తీయించు."

హాలంతా నన్నే చూస్తోంది. తీయించాను. మళ్లీ ఉద్యోగమే వచ్చింది. ఆయన తల పట్టుకుని కూలబడ్డాడు.

ఇది చాలదన్నట్టు న్యాయనిర్ణేతలు మొదటి బహుమతి ఓబులేసుకే ఇచ్చారు. ఆయన వేదికెక్కి, కొడుకు చేతిలోని కప్పు లాక్కుని నా చేతిలో పెట్టాడు.

"కప్పు మీరే ఉంచుకోండి సారూ. చేను మాత్రం ఇయ్యం."

కొడుకును రెక్క పట్టుకుని తీసుకుపోయాడు. కప్పు నా బల్లమీదే ఉంది.

వచ్చే వారానికి, ఎవరి ఆస్తికీ ముప్పు రాని అంశం ఏదైనా తడితే ఈ గోడపత్రిక కిందే రాయండి.