నవల్లో రెండు వేళ్లు, సినిమాలో చెయ్యి

కరుణాకరం మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ కోత మిషన్ మీద ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, మిషన్ ముందు కూర్చున్నాక కునుకు పట్టింది. కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. జరిగింది అంతే.

అదే వీధిలో అద్దెకుంటున్న తెలుగు మాస్టారు దాన్ని నవలగా రాశాడు. అందులో కరుణాకరం తోటి కూలీని కాపాడబోయి వేళ్లు పోగొట్టుకుంటాడు.

"నిద్రపోయినాడని రాస్తే ఎవరు చదువుతారబ్బా?" అన్నాడు మాస్టారు.

నవలకు బహుమతి వచ్చాక హైదరాబాదు వాళ్లు దాన్ని సినిమా తీశారు. అందులో గని యజమాని మనుషులు ఏకంగా అతని చేతిని మోచేతి దాకా నరికేస్తారు. ఆ దిగులుతో భార్య చనిపోతుంది. ఇక ఇంటర్వెల్ తర్వాతంతా ఒంటిచేత్తో పగ తీర్చుకోవడమే.

సినిమా ఆడాక పొదిలి నుంచి, గిద్దలూరు నుంచి కూడా జనం కరుణాకరాన్ని చూడటానికి వచ్చారు. చెయ్యి ఉండటం చూసి వాళ్ల ముఖాలు చిన్నబోయేవి. ఒకసారి ఆయన భార్య శివపార్వతి టీ తెస్తే, వచ్చినాయన మెల్లగా అడిగాడు.

"ఈమె ఎవరు పెదనాయనా?"

"నా పెండ్లామే."

"రెండో ఆమెనా?"

"మొదటిదాన్నే నాయనా," అంది శివపార్వతి గ్లాసు అందిస్తూ. "సచ్చేదానికి టైము చిక్కలేదు."

ఆ ఏడాది డిగ్రీ కాలేజీలో నవలకూ సినిమాకూ తేడాల మీద సదస్సు పెట్టి, కరుణాకరాన్ని పిలిచారు. నవలే గొప్పదని ఒక లెక్చరర్, సినిమాయే గొప్పదని ఇంకొకరు గంటసేపు వాదించుకున్నారు. చివర్లో మైకు కరుణాకరం చేతికిచ్చారు.

"నాకు నిద్ర వచ్చినాది సార్. వేళ్లు పోయినాయి. కాపాడేదానికి పక్కన మనిషే లేడు."

హాల్లో ఒక అమ్మాయి లేచి, "నవల్లో అట్ల లేదు కదా సార్?" అని లెక్చరర్ని అడిగింది.

"పెద్దవారు. అన్నీ గుర్తుండవు కదమ్మా," అని ఆయన సర్దిచెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పి, ఆ నవలే ఒకటి కానుకగా ఇచ్చి ఆటో ఎక్కించారు.

కరుణాకరానికి చదువు రాదు. ఏడో తరగతి దాకా చదివిన శివపార్వతి, సాయంత్రాలు వాకిట్లో మంచం వేసుకుని కూడబలుక్కుంటూ చదివి వినిపించింది. మూడోనాడు వేళ్లు తెగే పేజీ వచ్చింది. కరుణాకరం తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం, మంచోడే వాడు," అన్నాడు. "తర్వాత ఏమైనాడో చదువు."