పేరు చెప్పలేక దొరికిపోయాను

మాది తాండూరు. మా వారికి సొంత లారీ ఉండేది, నడిపేదీ ఆయనే. ఒకసారి వికారాబాద్‌లో నాపబండలు దించాక, తిరుగు లోడ్‌కు బ్రోకర్ మరీ తక్కువ కిరాయి చెప్పాడు. ఖాళీగా వస్తే డీజిల్ ఖర్చు మా మీదే పడుతుంది. మా వారు పక్కకు వచ్చి నాకు ఫోన్ చేశారు.

“జరసేపాగి మల్ల ఫోన్ చెయ్. కుల్కచర్ల కందుల వ్యాపారి లెక్క మాట్లాడి, కిరాయి ఎక్కువ చెప్పు. స్పీకర్ పెడ్త, బ్రోకర్ వినాలె.”

చేశాను. బాగానే మాట్లాడుతున్నాను. ఇంతలో బ్రోకర్ ఫోన్ లాక్కున్నాడు.

“ఏ డ్రైవర్ గావాలమ్మా మీకు? పేరు చెప్పుండ్రి.”

పెళ్లయినప్పటి నుంచి ఆయన పేరు నా నోటితో అనలేదు.

“గాయనే... మా పెద్దోని నాయిన” అనేశాను.

అవతల ఒకటే నవ్వులు. “చెల్లె, లోడ్ మీ ఆయనకే ఇస్త. కిరాయి గూడ నువ్వు చెప్పిందే. ఇగ ఫోన్ పెట్టు!”

ఇంటికొచ్చాక ఆయన, “పేరు చెప్తే గింత కిరాయి వచ్చేది గాదు” అన్నారు.

ఆయన పోయి ఏడాది కాలేదు. ఇంటికొచ్చినవాళ్లు ఓదారుస్తుంటే ఒక్కోసారి ఇదే గుర్తొస్తుంది. నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాను. ఏడుస్తున్నాననుకుని వాళ్లు ఇంకా ఓదారుస్తారు.