మైకు ముందు కొంగల కేక

ఐర్లండ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నప్పటి సంగతిది. సెలవుల్లో నా రూమ్మేట్ మార్తా నన్ను సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో జరిగే సంగీతోత్సవానికి తీసుకెళ్లింది. అక్కడ ఎవరైనా స్టేజీ ఎక్కి తమ ఊరి పాట పాడవచ్చు. నాకు చెప్పకుండానే మార్తా నా పేరు రాయించేసింది.

ఏలూరు కాలేజీలో అటెండెన్స్‌కి కూడా గొంతు పెగలనిదాన్ని నేను. ఏదున్నా డైరీకే చెప్పుకుంటాను. మైకు ముందు నిలబడేసరికి అనుకున్న పాటలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఎదురుగా వందలమంది. ముందువరుసలో ఎవరో నవ్వారు.

దిగిపోబోతూ ఉండగా కొల్లేరు పక్కన మా చేపల చెరువు గుర్తొచ్చింది. చిన్నప్పుడు చేపల మీద వాలే కొంగలను తోలడానికి నాన్నతో గట్టు మీద నిలబడి కేక వేసేదాన్ని. పక్క గట్టువాళ్లు తిరిగి కేక వేసేవారు. కళ్లు మూసుకుని అదే కేక వేశాను.

"హో... ఓ... హోయ్!"

ఎవరూ పలకలేదు. పరువు పోయిందనుకున్నాను. అంతలో వెనకనుంచి మార్తా "హోయ్!" అని అరిచింది. ఆ వెంటనే మైదానమంతా అందుకుంది. నేను వేసినకొద్దీ వాళ్లు తిరిగి వేశారు. డ్రమ్ముల వాళ్లు కూడా దరువు కలిపారు.

ఎవరో తీసిన వీడియో పంపితే, అది చూసి నాన్న ఫోన్ చేశారు.

"ఏమ్మా, అక్కడ కూడా కొంగలున్నాయా?"

"ఒక్కటే నాన్నా, నా సిగ్గు. ఎగిరిపోయింది."

పూర్తిగా ఎగిరిపోలేదు లెండి. అప్పుడప్పుడూ వచ్చి వాలుతుంది. అప్పుడు మనసులో ఒక కేక వేసి, లేచి మాట్లాడతాను.